జీబ్రాఫిష్ పిండాలతో విషప్రభావ పరీక్ష: ముందురోజు సాయంత్రం నుంచి 96వ గంట దాకా

జీబ్రాఫిష్ మీద ప్రాజెక్టు మొదలుపెట్టిన ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులు పదే పదే అడిగేవి రెండు. ఎంబ్రియో టాక్సిసిటీ టెస్ట్ వరుసగా ఎలా చేయాలి? రసాయనం కలపని కంట్రోల్ ప్లేటులో కూడా ఎంబ్రియోలు ఎందుకు చచ్చిపోతున్నాయి? మొదటిదానికి జవాబు, రసాయన పరీక్షలకు మార్గదర్శకాలు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ 2013లో ఇచ్చిన 236వ మార్గదర్శకంలో ఉంది. రెండోదానికి జవాబు ఎక్కువసార్లు చేపల గదిలోనే దొరుకుతుంది. అందుకే ఇక్కడ రసాయనం కంటే నీళ్ల గురించీ గుడ్ల గురించీ ఎక్కువ రాశాను.

పరీక్ష స్వరూపం ఇదీ: అప్పుడే ఫలదీకరణ జరిగిన గుడ్లను ఐదు గాఢతల్లో 96 గంటలు ఉంచుతాం. 24 గంటలకోసారి చూసి, ఎన్ని చనిపోయాయో లెక్కగట్టి, సగం పిండాలను చంపే గాఢతను, అంటే ఎల్‌సీ50ని తేలుస్తాం.

1. చేపలు తెచ్చే ముందు అనుమతి

ముందుగా మీ సంస్థలోని జంతు నైతిక కమిటీని కలవండి. యూరప్ నిబంధనల ప్రకారం సొంతంగా మేత తినడం మొదలుపెట్టిన లార్వా నుంచే చట్టరక్షణ వర్తిస్తుంది. జీబ్రాఫిష్‌కి ఆ దశ సుమారు 120 గంటలకు వస్తుంది కాబట్టి 96 గంటల పరీక్ష ఆ గీతకు ఇవతలే ఆగిపోతుంది. అలాగని ఇక్కడ ఎవరినీ అడగక్కర్లేదని అనుకోకండి. గుడ్లు పెట్టే పెద్ద చేపలు మీ ట్యాంకుల్లోనే ఉంటాయి, వాటి బాధ్యత మీదే. పైగా పేపర్ పంపినప్పుడు జర్నల్ వాళ్లు మొట్టమొదట అడిగేది కమిటీ అనుమతి నంబరే.

చేపలు ఎక్కడి నుంచి తేవాలి? పెంపకం రికార్డు ఉన్న ల్యాబ్ నుంచి తెచ్చుకోవడం మేలు. అక్వేరియం షాపు చేపల వయసు తెలియదు, వంశం తెలియదు, ఏ మందులు వాడారో తెలియదు. వాటికి మైకోబ్యాక్టీరియా జబ్బులు ఉండే అవకాశం ఎక్కువ, అందులో కొన్ని మన చేతి చర్మానికీ అంటుకుంటాయి. షాపు చేపలు తప్ప దిక్కు లేకపోతే వేరే గదిలో కొన్ని వారాలు విడిగా ఉంచండి. పరీక్షకు వాటిని వాడకండి. వాటి పిల్లలు పెరిగి పెట్టిన గుడ్లు వాడండి.

2. చేపల గది: నీళ్లు, గాలి, దోమల మందు

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. హైదరాబాద్‌లో కృష్ణా, మంజీరా, గోదావరి నీళ్లు ఏవి వచ్చినా శుద్ధి చేసి క్లోరిన్ కలిపినవే. బోరు నీళ్ల కథ వేరు. కాఠిన్యం ఎక్కువ, నల్లగొండ లాంటి చోట్ల ఫ్లోరైడ్ కూడా ఉంటుంది. రెండింటికీ ఒకటే పరిష్కారం: ఆర్‌ఓ నీళ్లు తీసుకుని సముద్రపు ఉప్పు, సోడియం బైకార్బొనేట్ మీరే కలుపుకోవడం. ఉత్త ఆర్‌ఓ నీళ్లలో చేపల్ని వదలకండి, లవణాలు లేని నీళ్లలో అవి నిలవవు.

- ఉష్ణోగ్రత 28 డిగ్రీల సెల్సియస్ దగ్గర
- పీహెచ్ 7 నుంచి 7.5
- అమోనియా, నైట్రైట్ సున్నా
- వెలుతురు 14 గంటలు, చీకటి 10 గంటలు, టైమర్‌తో
- రోజుకు పదో వంతు నీళ్ల మార్పు

కొత్త ట్యాంకులో అమోనియాను తినే బ్యాక్టీరియా స్థిరపడటానికి నెల, నెలన్నర పడుతుంది. ఈలోగా నిండా చేపలు వేస్తే చస్తాయి. ఎండాకాలంలో మన గదుల్లో హీటర్‌తో పెద్దగా పని ఉండదు, ఏసీ ఆగిపోవడమే పెద్ద టెన్షన్. గాలి పంపును యూపీఎస్‌కి కలిపి పెట్టండి.

ఇక ఎవరూ రాయని సంగతి ఒకటి. దోమల కాయిల్స్, ప్లగ్‌కి పెట్టే లిక్విడ్ మెషీన్లు, స్ప్రేలలో ఉండేవి పైరెథ్రాయిడ్లు అనే పురుగుమందులు. మనకు పెద్దగా హాని చేయని మోతాదే చేపలకు ప్రాణాంతకం. గాలి పంపు గదిలోని గాలినే లాగి నీళ్లలోకి బుడగలుగా వదులుతుంది. రాత్రి వాచ్‌మన్ పక్క గదిలో కాయిల్ వెలిగించి తలుపు తీసి ఉంచినా ఆ పొగ ట్యాంకులోకే చేరుతుంది. నేల తుడిచే ఫినాయిల్‌తోనూ ఇదే తంటా. గది తలుపు మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించండి, శుభ్రం చేసేవాళ్లకు నోటితో కూడా చెప్పండి.

3. ఈ3 నీళ్లు కలపడం

పిండాలను ఉంచే నీటిని ల్యాబుల్లో ఈ3 అంటారు. 60 రెట్లు చిక్కటి మూల ద్రావణం, అంటే స్టాక్, ఒక లీటరు కోసం:

- సోడియం క్లోరైడ్ 17.2 గ్రాములు
- పొటాషియం క్లోరైడ్ 0.76 గ్రాములు
- కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 2.9 గ్రాములు
- మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 4.9 గ్రాములు

దీన్నుంచి 16.7 మి.లీ. తీసి డిస్టిల్డ్ వాటర్‌తో లీటరు చేస్తే వాడుక నీళ్లు సిద్ధం. డైహైడ్రేటా, నీరులేని కాల్షియం క్లోరైడా అన్నది సీసా మీద చూసుకోండి, బరువు మారిపోతుంది.

బూజు పట్టకుండా చాలామంది ఇందులో మిథిలీన్ బ్లూ కలుపుతారు. గుడ్లు పెంచుకోవడానికైతే సరే, విషప్రభావ పరీక్షలో మాత్రం వద్దు. అదీ ఒక రసాయనమే, మీరు పరీక్షించే పదార్థంతో కలిసి ఏం చేస్తుందో ఎవరు చెప్పగలరు?

ఈ3లో బఫర్, అంటే పీహెచ్ మారకుండా ఆపే పదార్థం, లేదన్నది గుర్తుంచుకోండి. ఆమ్ల స్వభావం ఉన్న పదార్థం కలిపితే పీహెచ్ చప్పున పడిపోతుంది. పిండాలు చచ్చాయి సరే, పదార్థం వల్లా, పులుపు వల్లా? ద్రావణం కలిపిన ప్రతిసారీ పీహెచ్ చూడండి. 6.5 నుంచి 8.5 మధ్య లేకపోతే సోడియం హైడ్రాక్సైడ్‌తో గానీ హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో గానీ సరిచేసి, ఆ సంగతి నోట్‌బుక్‌లో రాయండి.

4. గాఢతల లెక్క

మొదట చిన్న ట్రయల్ వేయండి. లీటరుకు 0.1, 1, 10, 100 మి.గ్రా. చొప్పున, ఒక్కోదానికి కొన్ని పిండాలు చాలు. ఎక్కడ ఏమీ కాలేదో, ఎక్కడ అన్నీ చచ్చాయో తెలిస్తే అసలు పరీక్షకు ఆ రెంటి మధ్య ఐదు గాఢతలు ఎంచుకోవచ్చు. ఒకదానికీ మరోదానికీ తేడా 2.2 రెట్లు మించకూడదు. రెట్టింపు చొప్పున పోతే లెక్క సులువు: 6.25, 12.5, 25, 50, 100. లీటరుకు 100 మి.గ్రా. దగ్గర కూడా ఏమీ కాకపోతే పైకి పోనక్కర్లేదు, ఆ ఒక్క గాఢతతో లిమిట్ టెస్ట్ చేస్తే చాలు.

నీళ్లలో కరగని పదార్థానికి డీఎంఎస్ఓ అనే ద్రావణి (సాల్వెంట్) వాడతారు. లీటరుకు 100 మైక్రోలీటర్లు, అంటే 0.01 శాతం మించకూడదని మార్గదర్శకం చెబుతోంది. ఒక శాతం దాకా వాడిన పేపర్లు కనిపిస్తాయి, వాటిని చూసి మీరూ అలా చేయకండి.

ఇక్కడ ఎక్కువమంది తప్పేది స్టాక్ దగ్గర. ఒకే స్టాక్ నుంచి తక్కువ గాఢతకు కొంచెం, ఎక్కువ గాఢతకు ఎక్కువ పోస్తారు. దాంతో పదార్థంతో పాటు డీఎంఎస్ఓ కూడా పెరుగుతూ పోతుంది. అలా కాకుండా డీఎంఎస్ఓలోనే ఐదు వేర్వేరు స్టాకులు చేయండి, ఒక్కోటి వాడే గాఢతకు 10,000 రెట్లు. ఉదాహరణకు లీటరుకు 10 మి.గ్రా. కావాలంటే మి.లీ.కి 100 మి.గ్రా. ఉన్న స్టాక్ చేసి, అందులోంచి లీటరుకు 100 మైక్రోలీటర్లు కలపాలి. అన్నింట్లో డీఎంఎస్ఓ సమానంగా ఉంటుంది, పదార్థం లేకుండా డీఎంఎస్ఓ మాత్రమే కలిపిన సాల్వెంట్ కంట్రోల్‌తో పోలికా సరిగ్గా కుదురుతుంది. స్టాక్‌లో కరిగినా నీళ్లలో పోశాక తెల్లని పొరగానో, రేణువులుగానో విడిపోతే ఆ గాఢతను వదిలేయండి.

5. ముందురోజు సాయంత్రం

చాలాకాలం గుడ్లు పెట్టని ఆడచేప మొదటిసారి పెట్టే గుడ్లు ముదిరిపోయి, నాసిగా ఉంటాయి. అందుకే పరీక్షకు వారం ముందు ఒకసారి ఊరికే గుడ్లు పెట్టించి పారేయండి. తర్వాత వారం విశ్రాంతి. పరీక్ష రోజు వచ్చే గుడ్లలో తేడా మీకే కనిపిస్తుంది.

- బ్రీడింగ్ ట్యాంకులు కనీసం మూడు, వేర్వేరు గుంపుల చేపలతో
- ఒక్కో ట్యాంకులో ఒక ఆడచేపకు రెండు మగచేపలు, మధ్యలో అడ్డు
- అడుగున జల్లెడ తట్ట: గుడ్లు కిందికి జారిపోవాలి, లేదంటే చేపలే తినేస్తాయి
- మేత పెందలాడే వేసి, మిగిలింది తీసేయడం
- ఎనిమిది ప్లేట్లకు పేర్లు రాసి, ఒక్కో ప్లేటులోని 24 బావుల్లో (చిన్న గుంటల్లో) ఆయా ద్రావణం నింపి రాత్రంతా ఉంచడం

ఆఖరి పని ఎందుకంటే, నూనె స్వభావం ఉన్న పదార్థాలు ప్లాస్టిక్‌కు అంటుకుంటాయి. ముందురోజే నింపి ఉంచితే ప్లాస్టిక్ తన వంతు పీల్చేసుకుంటుంది. పొద్దున ఆ ద్రావణం పారబోసి తాజాది పోస్తే గాఢత మీరు రాసుకున్న అంకెకు దగ్గరగా నిలుస్తుంది.

6. పరీక్ష రోజు ఉదయం: గంటన్నర గడువు

లైటు 8 గంటలకు వెలిగిందనుకుందాం. అడ్డు తీసేయండి. చేపలు వెంటనే తరుముకోవడం మొదలుపెడతాయి. 8.30కి గుడ్లు తీయండి. జల్లెడ మీద పోసి, మలం, మేత ముక్కలు పోయేలా ఈ3తో రెండు మూడుసార్లు కడగండి. మూడు ట్యాంకుల గుడ్లూ కలిపేయండి.

ఇక్కడి నుంచి గడియారం చూసుకోవాలి. ఫలదీకరణ జరిగిన గంటన్నర లోపు, అంటే 16 కణాల దశ దాటకముందే, గుడ్లు పరీక్ష ద్రావణంలో పడాలి. ఒక్కోటి ఏరి ప్లేటులో వేయాలని కూర్చుంటే ఆలస్యమవుతుంది. కాబట్టి ముందు ప్రతి గాఢతకూ ఒక గాజు గిన్నెలో ద్రావణం పోసి, కావాల్సినదానికి రెట్టింపు గుడ్లను అందులోకి వదిలేయండి. ఆ తర్వాత తీరిగ్గా మైక్రోస్కోప్ కింద ఏరుకుని, మూడు గంటలు దాటకుండా ప్లేట్లలోకి మార్చవచ్చు.

ఏరేటప్పుడు చూడాల్సింది: మంచి గుడ్డు ఉడికిన సగ్గుబియ్యంలా అద్దంలా మెరుస్తుంది, పైన కణాల గుత్తి రెండు వైపులా సమంగా ఉంటుంది. కణాలు చిన్నా పెద్దా ఉన్నా, ఒకవైపుకు ఒరిగినా, బుడగలు కనిపించినా, తెల్లగా మారినా పక్కన పెట్టేయండి. కణ విభజన కనిపించనివి ఫలదీకరణ జరగని గుడ్లు. మొత్తం గుడ్లలో కనీసం 70 శాతం ఫలదీకరణ అయి ఉండాలి. కాకపోతే ఆ రోజు పరీక్ష పెట్టకండి.

పిపెట్ మొన సన్నగా ఉంటే గుడ్డు నలుగుతుంది. 3 మి.లీ. ప్లాస్టిక్ పిపెట్ కొన కత్తిరించి వెడల్పు చేసుకోండి. గుడ్డుతో పాటు వచ్చే నీళ్లు వీలైనంత తక్కువ ఉండాలి, లేకపోతే బావిలో గాఢత పల్చబడుతుంది.

7. ప్లేట్ల అమరిక

ఒక్కో బావిలో 2 మి.లీ. ద్రావణం, ఒకే ఒక్క పిండం. ప్లేటుకు 20 బావులు పరీక్షకు, మిగతా 4 ఉత్త ఈ3తో లోపలి కంట్రోల్.

- గాఢతలకు 5 ప్లేట్లు
- నెగటివ్ కంట్రోల్ (ఉత్త ఈ3) 1
- సాల్వెంట్ కంట్రోల్ 1
- పాజిటివ్ కంట్రోల్ (పిండాలను చంపుతుందని ముందే తెలిసిన విషం) 1: 3,4-డైక్లోరోఅనిలిన్, లీటరుకు 4 మి.గ్రా.

మొత్తం 192 పిండాలు. డైక్లోరోఅనిలిన్ మనుషులకూ విషమే, ఫ్యూమ్ హుడ్‌లో గ్లవ్స్ వేసుకుని తూయండి.

మూత పెట్టి, అంటుకునే ఫాయిల్ వేసి, 26 డిగ్రీల దగ్గర ఇంక్యుబేటర్‌లో పెట్టండి. ఒక డిగ్రీ అటూ ఇటూ పర్వాలేదు. పెంపకం 28 డిగ్రీల్లో చేసి పరీక్ష 26లో చేస్తున్నాం కాబట్టి ఎదుగుదల కాస్త నెమ్మదిస్తుంది. పుస్తకాల్లోని దశల బొమ్మలు 28.5 డిగ్రీలకు గీసినవి, వాటితో గంటలు పోల్చి కంగారు పడకండి.

8. రోజూ ఏం చూడాలి

చావుకు గుర్తులు నాలుగే.

1. గుడ్డు గడ్డకట్టి పాలలా తెల్లబడటం. 24 గంటల నుంచి చూడాలి.
2. వెన్ను వెంబడి సోమైట్లు, అంటే కండర ఖండాలు ఏర్పడకపోవడం. 24 గంటల నుంచి.
3. తోక మొగ్గ పచ్చసొన సంచి నుంచి విడిపోకపోవడం. 24 గంటల నుంచి.
4. గుండె కొట్టుకోకపోవడం. 48 గంటల నుంచి.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ పిండం చనిపోయినట్టే. రెండు మూడు గుర్తులు కనిపించినా లెక్కలో ఒక్క చావే.

గుండె విషయంలో తొందర వద్దు. కనీసం 80 రెట్ల మాగ్నిఫికేషన్‌లో పూర్తిగా ఒక నిమిషం చూసి అప్పుడు రాయండి. ఏసీ 20 డిగ్రీల్లో ఉన్న మైక్రోస్కోప్ గదిలో ప్లేటు చాలాసేపు పెడితే గుండె వేగం తగ్గుతుంది. మొదట చూసిన ప్లేటులో గుండె చురుగ్గా, ఆఖరి ప్లేటులో మందంగా కొట్టుకోవడానికి ఒక్కోసారి అదే కారణం. ఒక్కో ప్లేటే బయటికి తీయండి. ప్లేట్ల మీద గాఢత రాయకుండా వేరొకరితో కోడ్ నంబర్లు వేయించుకుంటే ఇంకా మంచిది. ఫలితం ముందే ఊహించుకున్న కన్ను వాపు లేని చోట కూడా వాపు చూస్తుంది.

గుండె చుట్టూ నీరు చేరడం, పచ్చసొన సంచి ఉబ్బడం, వెన్ను వంకర, రంగు రాకపోవడం, పొదగడం ఆలస్యం కావడం లాంటివి విడిగా రాసుకోండి, ఫొటో తీసుకోండి. వీటిని చావుల్లో కలిపితే ఎల్‌సీ50 తప్పుతుంది.

చనిపోయినవాటిని చూసిన రోజే తీసేయండి. త్వరగా ఆవిరయ్యే, కుళ్లే, విడిపోయే పదార్థాలకు రోజూ ద్రావణం మార్చాలి. పిండం ఉన్న బావిని పూర్తిగా ఖాళీ చేయకుండా, మునిగేంత ఉంచి మిగతాది మార్చండి.

9. ఫలితం నమ్మవచ్చా: ఆరు షరతులు

- ఫలదీకరణ 70 శాతం లేదా అంతకంటే ఎక్కువ
- 96 గంటలూ నీళ్లు 26 డిగ్రీలు, ఒకటి అటూ ఇటూ
- నెగటివ్, సాల్వెంట్ కంట్రోళ్లలో 96వ గంటకు కనీసం 90 శాతం బతికి ఉండటం
- పాజిటివ్ కంట్రోల్‌లో కనీసం 30 శాతం చావులు
- నెగటివ్ కంట్రోల్‌లో కనీసం 80 శాతం పొదగడం
- చివర్లో నెగటివ్ కంట్రోల్‌లోనూ అతి ఎక్కువ గాఢతలోనూ కరిగిన ఆక్సిజన్ సంతృప్త స్థాయిలో కనీసం 80 శాతం

ఏ ప్లేటులోనైనా లోపలి నాలుగు కంట్రోళ్లలో ఒకటికి మించి చనిపోతే ఆ ప్లేటును తీసేయాలి.

కంట్రోల్‌లో 20కి 3 చచ్చాయనుకోండి. చాలామంది ఆ 15 శాతాన్ని మిగతా గాఢతల్లోంచి తీసేసి లెక్క సర్దుతారు. అలా సర్దిన పరీక్ష పరీక్షే కాదు. గుడ్ల నాణ్యత దెబ్బతిన్న రోజు పదార్థం ప్రభావం ఎంతో మీకు ఎన్నటికీ తెలియదు. మళ్లీ చేయండి.

10. తప్పు ఎక్కడో కనిపెట్టడం

మొదటి 24 గంటల్లోనే కంట్రోల్‌లో గుడ్లు తెల్లబడితే గుడ్ల నాణ్యత, ఏరడంలో పొరపాటు, పిపెట్ దెబ్బ, ఈ వరుసలో వెతకండి.

24 గంటలు బాగుండి తర్వాత బూజుతో పోతే, చనిపోయినవి తీయలేదు లేదా గుడ్లు సరిగ్గా కడగలేదు.

అంచు బావుల్లోనే ఎక్కువ చస్తుంటే నీళ్లు ఆవిరవుతున్నాయి. ఫాయిల్ సరిగ్గా అంటలేదు, ఇంక్యుబేటర్‌లో తేమ లేదు.

పాజిటివ్ కంట్రోల్‌లో ఏమీ చావకపోతే స్టాక్ పాతదై ఉంటుంది, లేదా తూకం తప్పింది.

మూడు రోజులు ఏమీ కాక నాలుగో రోజు ఒక్కసారిగా చస్తే అది తప్పు కాకపోవచ్చు. గుడ్డు పైపొర పెద్ద అణువులను అడ్డుకుంటుంది. పొదిగి బయటికొచ్చాకే అవి పిండానికి తగులుతాయి. అణుభారం 3 కిలోడాల్టన్లు, ఆపైన ఉన్నవాటికి ఈ పరీక్ష అంత సరిపోదు. అలాగే అల్లైల్ ఆల్కహాల్ లాంటివి శరీరంలో మారాకే విషమవుతాయి. పిండంలో ఆ మార్పు చేసే శక్తి తక్కువ, కాబట్టి ప్రభావం తక్కువగా కనిపించవచ్చు.

మొక్కల కషాయాలు పరీక్షించేవాళ్లు పీహెచ్, రంగు, నురగ ముందు చూసుకోండి. ముదురు రంగు కషాయంలో గుండె కనిపించదు, చూసేటప్పుడు పిండాన్ని అదే గాఢత ఉన్న ద్రావణపు పల్చని పొరలోకి మార్చాలి.

ఫ్యాక్టరీ వ్యర్థజలాలైతే మిల్లీగ్రాముల లెక్క కుదరదు, శాతాల్లో పల్చన చేయాలి. అందులోని బ్యాక్టీరియా రాత్రికి రాత్రే ఆక్సిజన్ తినేస్తుంది కాబట్టి ఆక్సిజన్ రోజూ చూడాలి. పిండాలు చచ్చాయని చెప్పి ఆగకుండా నీళ్లలో ఏముందో కూడా కొలిపించండి. పటాన్‌చెరు దగ్గరి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మి.గ్రా. దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో బయటపడింది అలా కొలిచినందుకే.

11. లెక్క, రిపోర్టు

చావులు కూడుకుంటూ పోవాలి. 24 గంటలకు 3, 48కి మరో 2 అయితే 48 గంటల లెక్క 20కి 5, అంటే 25 శాతం. ప్రోబిట్ అనే గణాంక పద్ధతిలో గానీ, గణాంకాలకు వాడే ఆర్ సాఫ్ట్‌వేర్‌లోని డీఆర్‌సీ ప్యాకేజీతో గానీ ఎల్‌సీ50ని 95 శాతం విశ్వాస అవధితో సహా తీయండి.

ఒకే రోజు గుడ్లతో చేసిన 20 పిండాలను 20 ప్రయోగాలుగా చూపించకండి. వేర్వేరు రోజుల గుడ్లతో కనీసం మూడుసార్లు చేయండి. పదార్థం గాఢతను కొలిచారా, కలిపినంత ఉందని అనుకున్నారా అన్నది రిపోర్టులో తేటగా రాయండి.

12. ముగించాక

96వ గంటకు మిగిలిన లార్వాల్ని బతికుండగా సింక్‌లో పోయకూడదు. మంచు ముక్కలు వేసిన 2 నుంచి 4 డిగ్రీల నీళ్లలో కనీసం 20 నిమిషాలు ఉంచి, కదలిక ఆగాక సోడియం హైపోక్లోరైట్‌లో వేయండి. మంచు ముక్కలు లార్వాలకు నేరుగా తగలకూడదు. మత్తుమందు ట్రైకెయిన్ ఒక్కదానితో ఈ వయసు లార్వాలు చచ్చాయనుకుని వదిలేయకండి, నీళ్లలో పడితే మళ్లీ తేరుకుంటాయి.

పరీక్ష ద్రావణాలు, డైక్లోరోఅనిలిన్, వాడిన ప్లేట్లు రసాయన వ్యర్థాల డబ్బాలోకి పోవాలి. బ్లీచ్ కలిసిన నీళ్లను వాటితో కలపకుండా వేరే క్యాన్‌లో ఉంచండి. గుడ్లు పెట్టిన పెద్ద చేపల్ని తిరిగి ట్యాంకులో వదిలి, తేదీ రాసి, వారం దాకా వాటి జోలికి పోకండి.